పద్దెనిమిది రూపాయల చాక్లెట్

"మంచి చాక్లెట్ ఒకటి తేవాలి రత్నా. చవకరకం వద్దు. అలాగని డబ్బు దండగ కాకూడదు. నీకైతే తెలుస్తుంది" అన్నారు మావారు, నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే.

నీకైతే తెలుస్తుంది. పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో పొగడ్త అనుకుని పొంగిపోయేదాన్ని. పోనుపోను అర్థమైంది, అది పొగడ్త కాదు, పని పురమాయించే పద్ధతి అని. నెయ్యి మంచిదో కాదో నాకు తెలుస్తుంది కాబట్టి మదీనాగూడ నుంచి కూకట్‌పల్లి దాకా నేనే వెళ్ళాలి. పట్టుచీరలు నాకు తెలుస్తాయి కాబట్టి ఆడపడుచు పెళ్ళికి మూడు ఆదివారాలు నేనే కొట్ల వెంట తిరగాలి. తీరా పెళ్ళిలో ఆ చీరలు కట్టుకున్నవాళ్ళు మెరిసిపోతుంటే, నేను పెట్టెలో పాతది తీసి కట్టుకుని, నా ఎంపిక బావుందని నలుగురూ అంటుంటే విని సంతోషించాలి. సంతోషించేదాన్ని కూడా, ఏం చెప్పను.

చాక్లెట్ ఎవరికంటే, మావారి ఆఫీసరు సోమేశ్వరరావుగారి అమ్మాయికి. ఆదివారం సాయంత్రం ఆ పిల్ల పుట్టినరోజు. వాళ్ళు మూడేళ్ళు జర్మనీలో ఉండి వచ్చారు. ఇక్కడ దొరికేదాన్ని చాక్లెట్ అనరు, చక్కెర కలిపిన మైనం అంటారని ఆయన భార్య నలుగురిలో అన్నారట. ఫ్యాక్టరీ క్వార్టర్ల జాబితా సోమేశ్వరరావుగారి బల్ల మీద ఉంది. క్వార్టర్ వస్తే ఇంట్లోనే కుళాయి ఉంటుంది, నేను ఇంటివాళ్ళ బావిలో నీళ్ళు తోడక్కర్లేదు అని మావారు రెండుసార్లు చెప్పారు, ఈ చాక్లెట్టంతా నాకోసమే అన్నట్టు. ఆయన నిజంగానే అలా నమ్మారు. మావారు కామేశ్వరరావుగారిది చెడ్డ మనసని ఎవరూ అనలేరు, నేనసలే అనలేను. ఆయనతో నాకున్న చిక్కే అది. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడా పట్టు దొరకదు.

ఇంతకీ నాకెలా తెలుస్తుందో చెప్పాలి. మా ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడకూడదు. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంట ఎంగిలి కాకూడదు. మా అత్తగారు కనకలక్ష్మిగారు నేను కాపురానికొచ్చిన మొదటిరోజే చెప్పారు, ఉప్పు ఎంత పడిందో చేతికి తెలియాలి, పప్పు ఉడికిందో లేదో చప్పుడుని బట్టి తెలియాలి అని. వాసన కూడా చూడకూడదనే అంటారు. కానీ ముక్కు మూసుకుని ఎవరూ పోపు పెట్టలేరు కనక ఆ ఒక్కటీ ఆవిడ చూసీచూడనట్టు వదిలేశారు. ఆవిడ వదిలేసిన ఆ సందులోంచే నేను వంటంతా నేర్చుకున్నాను. పులుసులో బెల్లం ఎక్కువైతే ఆవిరిలోనే పట్టేస్తాను. నెయ్యిలో వనస్పతి కలిపితే డబ్బా మూత తీయగానే చెప్పేస్తాను. పొద్దున్నే వండి, దేవుడికి పెట్టి, అత్తగారికి మడిగా అన్నీ అమర్చి, ఆయనకీ పిల్లలకీ వడ్డించి, ఎనిమిదింబావు బస్సుకి పరిగెత్తుతాను. నేను తినేది మధ్యాహ్నం ఒంటిగంటకి, నాంపల్లిలో మా ఆఫీసులో, టైపు మిషన్ పక్కన, చల్లారిపోయిన క్యారియర్లో.

ఆఫీసులో కూడా నా ముక్కుకి మంచి పేరుంది. ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషనొచ్చినా మా సూపరింటెండెంటు సీతారామయ్యగారు నా బల్ల దగ్గరికొచ్చి, మిఠాయి మీరే తేవాలి రత్నమాలగారూ, మగాళ్ళకేం తెలుస్తుంది అంటారు. ఎండలో వెళ్ళి తెస్తాను. పెట్టె అందరి దగ్గరా తిరిగి నా దాకా వచ్చేసరికి అడుగున కాగితానికంటిన నెయ్యి ఉంటుంది. నేను బజారుకెళ్ళిన గంటసేపట్లో చేయాల్సిన టైపింగ్ మాత్రం ఎవరూ ముట్టుకోకుండా నాకోసం అట్టేపెడతారు.

అలా డెబ్భై నాలుగు మే నెలలో ఓ శనివారం, ఒంటిపూట ఆఫీసు అయ్యాక, మావారిచ్చిన ఇరవై రూపాయలు జాకెట్లో పెట్టుకుని అబిడ్స్‌కి నడిచాను. మొదటి కొట్లో గాజుజాడీల్లోంచి తీసి చూపించాడు. విరవబోతే విరగలేదు, వంగింది. ఆఫీసరుగారి భార్య అన్న మైనం మాట అబద్ధం కాదు. రెండో కొట్లో అందమైన రేకు డబ్బా, దాని మీద మంచుకొండలు, గొర్రెపిల్లలు. మూత తీయగానే పాత బట్టల పెట్టె తెరిచినట్టయింది. నేను డబ్బా వెనక్కి జరిపితే కొట్టతను, కొనేది చాక్లెటా, ముక్కుపొడుమా అని పక్కవాడితో అని నవ్వాడు. తలెత్తకుండా బయటికొచ్చాను. చెంపలు మండిపోయాయి. ఎండ అనుకున్నాను, ఎండ కాదు.

మూడోది ఓ సందులో చిన్న కొట్టు. ఫారిన్ సామాన్లు అమ్మే పెద్దాయన, తెల్లగడ్డం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. చాక్లెట్లు ఐసుపెట్టెలో గుడ్డలో చుట్టి దాచాడు. నా ముందు ఒకటి తీసి, కాగితం విప్పి, మూల విరిచాడు. టప్పున విరిగింది. ఆ వాసన ఎలా చెప్పను? కాఫీగింజలు సరిగ్గా వేగి, ఇంకో క్షణం ఉంటే మాడతాయనగా దింపినప్పుడు వస్తుందే, అది. దాని వెనక ఎండుద్రాక్ష పులుపు ఏదో. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"జర నోట్లో ఏస్కొని చూడమ్మా" అన్నాడు ఆ ముక్క నాకు చూపించి.

ఒద్దన్నాను. ఇంకొకరికి ఇచ్చేది, నేను ముందు తినకూడదన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నీకిచ్చే చాక్లెట్ వేరే ఉంది, దాని సీలు విప్పలేదు, ఇది చూపించడానికి పెట్టుకున్నది అని ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ ముక్క తింటే ఎవరిదీ ఎంగిలి కాదు. అయినా నా చెయ్యి ముందుకి రాలేదు. చెయ్యి కదలడం లేదని నాకు తెలుస్తూనే ఉంది, కదిలించలేకపోయాను. పెద్దాయన నన్ను కాసేపు చూసి, ఆ ముక్క మళ్ళీ కాగితంలో పెట్టి, నలభై ఏళ్ళసంది అమ్ముతున్న గానీ వాసనకే కొన్నోళ్ళను చూడలేదని అన్నాడు. అందులో ఎగతాళి లేదు. పద్దెనిమిది రూపాయలు.

రైళ్ళ సమ్మె రోజులు. వేసవి సెలవులకి కాకినాడలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిన పిల్లలిద్దరూ రైళ్ళు లేక అక్కడే ఉండిపోయారు. రైలెక్కాల్సిన జనమంతా బస్సులెక్కుతున్నారు. మా మదీనాగూడ మీదుగా వెళ్ళే రామచంద్రాపురం బస్సులో నిలబడడానికి ఓ కాలికే చోటు దొరికింది. సంచీ పొట్టకి ఆనించుకుని, తడిపిన చేతిరుమాలు చాక్లెట్‌కి చుట్టి నిలబడ్డాను. అమీర్‌పేట దాటేసరికి రుమాలు ఎండిపోయింది. ఎర్రగడ్డ దగ్గర బస్సు అరగంట ఆగింది. ఆ అరగంటలో నాకో ఆలోచన వచ్చింది. ఈ సంచీలో ఉన్నది నాది కాదు. పన్నెండేళ్ళుగా నా సంచీలో ఉన్నదేదీ నాది కాదు, అయినా ఆ సంగతి నాకు తోచడం మాత్రం అదే మొదలు. సీతారామయ్యగారి మిఠాయిలు, ఆడపడుచు చీరలు, అత్తగారి దేవుడికి కర్పూరం, పిల్లల పలకలు, ఆయన లుంగీలు. ఎంచడం నా వంతు, మోయడం నా వంతు. ఆ సంచీలోంచి చెమట మధ్యన కూడా ఆ వాసన పైకి వస్తోంది. నాకు తినాలనిపించింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ముప్పై రెండేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నాకా చాక్లెట్ తినాలనిపించింది. ఎవరికో పెట్టగా మిగిలితే కాదు. నా నోటికి, నాకోసం, ముందుగా. మూసాపేట వచ్చేదాకా ఆ కోరికని తిట్టుకున్నాను. ఆ తర్వాత తిట్టుకోవడం మానేసి, ఊరికే దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చాక చాక్లెట్‌ని నీళ్ళ కుండ పక్కన తడి ఇసకలో, గిన్నెలో పెట్టి మూసి ఉంచాను. మెత్తబడింది కానీ పొద్దున్నకి గట్టిపడుతుందనుకున్నాను. గట్టిపడింది.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగాక మావారు దాన్ని తీసి, రంగుకాగితం చుట్టేముందు ఓసారి చూద్దామని సీలు విప్పారు. చాక్లెట్ కాస్త వంకరపోయింది. పైనంతా తెల్లగా, బూడిద చల్లినట్టుంది.

"బూజు పట్టింది రత్నా" అన్నారు.

తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బూజు వాసన నాకు తెలియనిదా? ఆవకాయ జాడీ మీద, వానాకాలం చింతపండు ఉండల మీద, తడిసిన బియ్యం బస్తాలో, ఎన్ని రకాల బూజు చూశాను! ఇది బూజు కాదు. నిన్న కొట్లో నన్ను నిలబెట్టిన వాసనే ఇది, ఒక్క వీసం తగ్గలేదు. కరిగిన నెయ్యి మళ్ళీ పేరుకున్నప్పుడు తెల్లగా తేలుతుంది చూడండి, అలాంటిదే ఇదీ. ఎండకి కరిగింది, చల్లదనానికి గట్టిపడింది, లోపలి వెన్న పైకి తేలింది. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను.

ఆయన నాకంటే ముందు అందుకున్నారు. కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యేసి, పోనీలే, ఆడమనిషివని చూసి పాతసరుకు అంటగట్టాడు, తప్పు నాదే, నేనే వెళ్ళాల్సింది అన్నారు. వీధరుగు మీది నుంచి అత్తగారు, పద్దెనిమిది రూపాయలు పెట్టి కొన్నది అప్పుడే చెడిపోయిందా అన్నారు. కూకట్‌పల్లి వెళ్ళి బిస్కట్ల డబ్బా తెస్తాను, ఇది ఇంటివాళ్ళ గేదెకి పడేసెయ్ అని మావారు చొక్కా వేసుకున్నారు.

నేను తెరిచిన నోరు అలాగే ఉంది. చెబితే నా పేరు నిలబడుతుంది. నాకు పన్నెండేళ్ళుగా ముట్టిన జీతమంతా ఆ పేరొక్కటే, నీకైతే తెలుస్తుంది అన్న ఆ ఒక్క మాట. చెప్పకపోతే అది పోతుంది. రత్నమాల కూడా మోసపోయింది, దానికీ తెలియదు అంటారు, ఆడపడుచుల దాకా వెళ్తుంది కబురు. ఆయన చెప్పులు వేసుకుంటున్నంతసేపూ ఆ మాట నా నాలుక చివరే ఉంది. గేటు చప్పుడైంది. పోతే పోయిందిలే ఆ పేరు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది, ఆ భయం వెనకాలే బోలెడు సంతోషం కూడా వేసింది.

పెరట్లో బావి గట్టు మీద కూర్చున్నాను. నైవేద్యం ఎప్పుడో అయిపోయింది, వంటిల్లు కడిగేశాను, పిల్లలు లేరు. నన్ను ఎవరూ పిలవని అరగంట అది. మూల విరిచాను. నోట్లో పెట్టుకున్నాను.

మొదట చేదు. కాకరకాయ చేదు కాదు, వెంటనే వదిలిపెట్టని చేదు. నమలబోయి ఆగాను. అదే కరగడం మొదలుపెట్టింది, నేనేమీ చెయ్యక్కర్లేకుండా. చేదు మెత్తబడి, మెత్తదనంలోంచి తీపి నెమ్మదిగా వచ్చింది, ఆ వెనక నిన్న వాసనలో పట్టుకున్న ఆ ద్రాక్ష పులుపు. ఉంది! నా ముక్కు చెప్పింది నిజమే. పన్నెండేళ్ళుగా నా ముక్కు చెప్పినవన్నీ నిజమేనేమో, నాకు చూసుకునే వీలు ఎవరూ ఇవ్వలేదు. కళ్ళు మూసుకుని రెండో ముక్క తిన్నాను. ఎవరికి నచ్చుతుందో, ఎవరు ఏమంటారో అనుకోకుండా ఒక రుచిని తిన్నాను.

"ఏం తింటున్నవమ్మ ఒక్కదానివి?" అంది మా ఇంటామె నీలమ్మ, గేదెకి కుడితి పెట్టి వస్తూ. నీలమ్మ ఈ ఊరిదే, ఈ బావీ ఈ ఇల్లూ ఆవిడవే. దాచలేదు. ఓ ముక్క చేతిలో పెట్టాను. చప్పరించి, మొహం అంతా ముడుచుకుని, పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"థూ, గిదేందమ్మ గింత చేదున్నది? ఎంత వెట్టినవు దీనికి?"

చెప్పాను. నీలమ్మ బావి గట్టు మీద కూలబడి నవ్వింది. పద్దెనిమిది రూపాలకు రెండు కోళ్ళొస్తయ్, మీ ఆంధ్రోళ్ళ తిండ్లు మాకు తెల్వయ్ అంది. నేనూ నవ్వాను. మరి ఎందుకు తింటున్నావంది. నాకు బాగుంది నీలమ్మా అన్నాను. ఆవిడ నవ్వు ఆపి నన్ను చూసి, మంచిగున్నదంటే తిను మరి, గేదెకెందుకు అని లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను, పెరటి గుమ్మంలో అత్తగారు. ఎప్పుడొచ్చారో, ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. చాక్లెట్ కాగితం చెంగు కింద దాచబోయి, ఎందుకో దాచలేదు.

"చెడిపోయిందన్నాడుగా వాడు?" అన్నారు.

"చెడిపోలేదు అత్తయ్యా. కరిగి పేరుకుంది, అంతే."

ఆవిడ ఆ తెల్లటి పొర కేసి, నా మొహం కేసి చూశారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, నెయ్యి కాచిన చేతులు, ఆవిడకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఎందుకు నోరెత్తలేదో కూడా చెప్పక్కర్లేకపోయింది. చివాట్లకి సిద్ధపడ్డాను. ఆవిడ గుమ్మం దిగి వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నారు.

"గుడ్డు లేదు కదే అందులో?"

"లేదత్తయ్యా. అడిగే కొన్నాను."

"నాకూ ఓ ముక్క పెట్టు."

పెట్టాను. పళ్ళు లేని నోటికి ఇంతకన్నా తగిన తిండి లేదు. దవడ మెల్లగా కదులుతుంటే, కళ్ళు ఎక్కడో పెట్టి చూస్తున్నారు. ఇంకో ముక్క ఇచ్చాను. అది కూడా అయ్యాక, ఎవరికో చెబుతున్నట్టు అన్నారు.

"పదమూడో ఏట పొయ్యి దగ్గర కూచోబెట్టారే నన్ను. నువ్వొచ్చేదాకా నలభై ఏళ్ళు వండాను. పొయ్యి మీంచి దింపిన వంకాయకూర వేడిగా ఎలా ఉంటుందో నాకు తెలీదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద నాకెన్ని కోపాలున్నాయో అన్నీ ఆ పూట నా దగ్గర లేకుండా పోయాయని అనను, కొన్ని ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ నాకంటే ముందు ఆ పొయ్యి దగ్గర ఓ పదమూడేళ్ళ పిల్ల కూర్చుని ఉందని ఏనాడూ అనుకోలేదు. ఆ పిల్ల కూడా ఆవిరి పీల్చుకుంటూనే వంట నేర్చుకుని ఉంటుంది. అందుకే కాబోలు, ఆ ఒక్క సందు నాకు వదిలేశారు. ఆవిడ ముడతల చేతిని పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

"నీకు ఈ పద్ధతి నేర్పింది నేనే కదూ" అన్నారు. "రేపట్నుంచి రుచి చూసే వండవే. దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాను."

మిగిలిన చాక్లెట్ ఇద్దరం కలిసి తిన్నాం. ముక్క ముక్కకీ ఆవిడ, ఇది పిల్లలకి ఉంచాలేమో అనేవారు, అంటూనే చెయ్యి చాపేవారు. పిల్లలకి మళ్ళీ కొందామన్నాను. ఎవరికీ ఉంచకుండా ఒక తీపివస్తువు ఆ ఇంట్లో పూర్తవడం అదే మొదలు.

మావారు పన్నెండున్నరకి ఎండలో వాడిపోయి వచ్చారు. బిస్కట్ల డబ్బా బల్ల మీద పెట్టి, దీనికి బూజు పట్టదులే అని నన్ను ఓదార్చారు. మజ్జిగ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, పడేశావా దాన్ని అన్నారు.

అత్తగారు ఏదో అనబోయారు, నన్ను కాపాడదామనే. వద్దన్నట్టు ఆవిడ కేసి చూశాను.

"పడెయ్యలేదండీ. తినేశాను. అత్తయ్య కూడా తిన్నారు."

ఆయన మొహంలో కంగారు. "బూజు పట్టింది తిన్నారా? కడుపులో ఎలా ఉంది? ఆసుపత్రికి వెళ్దామా?" అన్నారు. ఆయన మంచితనం ఎక్కడికీ పోదు.

"అది బూజు కాదు. మంచి చాక్లెట్టే. పొద్దున వాసన చూడగానే తెలిసింది నాకు."

ఖాళీ గ్లాసు చేతిలోనే ఉంది. "తెలిస్తే మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. నిజంగా తెలియకే అడిగారు.

"చెబితే మీరు పట్టుకెళ్ళిపోయేవారు" అన్నాను.